బంతి ఇచ్చారు, సారథ్యం ఇవ్వలేదు

అణగారిన వర్గాల పిల్లల కోసం క్రీడా శిక్షణ కేంద్రాలు తెరిచినప్పుడల్లా ఒక మాట వినిపిస్తుంది. ఆట ఆ పిల్లల్లో నాయకత్వ లక్షణాలను పెంచుతుందన్నది ఆ మాట. దాన్ని నేను కాదనను. మైదానం ధైర్యాన్నిస్తుంది, ఓటమిని తట్టుకోవడం నేర్పుతుంది, పదిమందితో కలిసి నడవడం అలవాటు చేస్తుంది. అయితే నాయకత్వ లక్షణాలు ఉండటం వేరు, నాయకత్వ స్థానం దక్కడం వేరు. మొదటిది ఆటగాడు తన శ్రమతో సంపాదించుకునేది. రెండోది అధికారం చేతిలో ఉన్నవారు ఒప్పుకుంటే తప్ప, లేదా వారిచేత ఒప్పిస్తే తప్ప అందనిది. ఈ రెండింటి మధ్య దూరం ఎంతో తెలుసుకోవాలంటే పల్వంకర్ బాలూ జీవితాన్ని చదవాలి. భారత క్రికెట్ తొలినాటి మహా బౌలర్‌గా ఆయనను చాలామంది ఎరుగుదురు. నాయకత్వం గురించి ఆయన బతుకు చెప్పే పాఠాన్ని మాత్రం మనం ఇంకా పూర్తిగా చదువుకోలేదని నా అభిప్రాయం.

బాలూ 1876లో ధార్వాడలో జన్మించారు. కులం చమార్. ఇంటిపేరు కొంకణ్ ప్రాంతంలోని పల్వన్ అనే ఊరి నుంచి వచ్చింది. తండ్రికి సైన్యంలో కొలువు కావడంతో కుటుంబం పూనా చేరింది. ఆ కాలంలో బొంబాయి రాష్ట్రంలోని అస్పృశ్య కులాలకు ఊరి కట్టుబాట్ల నుంచి బయటపడటానికి దొరికిన కొద్దిపాటి దారుల్లో సైన్యం ఒకటి. అంబేద్కర్ తండ్రి రామ్‌జీ నడిచిన దారి కూడా అదే. కంటోన్మెంటులో ఊరి చావడి లేదు, అగ్రహారం లేదు. కుల వివక్ష అక్కడా ఉంది గానీ, ఊళ్లో కనపడని కొన్ని సందులు అక్కడ కనపడేవి. తెల్ల అధికారులు ఆడి పారేసిన బ్యాట్లు, బంతులతో బాలూ, ఆయన తమ్ముడు శివరాం క్రికెట్ నేర్చుకున్నారు. వారికి శిక్షకుడు లేడు, శిబిరం లేదు, పథకం లేదు. ఒకరు వాడి వదిలేసిన సామగ్రి, పిల్లల ఆసక్తి, అంతే.

ఆట మీద ఇష్టం బాలూను మైదానానికి చేర్చింది గానీ ఆటగాడిగా కాదు, పనివాడిగా. పూనాలో పార్సీల క్రికెట్ క్లబ్బులో పిచ్ ఊడ్చి, రోలర్ లాగినందుకు నెలకు 3 రూపాయల జీతం. అప్పుడప్పుడు సభ్యులకు బంతులు వేయనిచ్చేవారు. 1892లో ఆయన తెల్లవారి పూనా క్లబ్బుకు మారారు. అక్కడ జీతం 4 రూపాయలు. నెట్స్ కట్టడం, పిచ్ మీద గీతలు గీయడం, టెన్నిస్ కోర్టుల బాగోగులు చూడటం ఆయన పని. ట్రాస్ అనే సభ్యుడు ప్రోత్సహించడంతో అక్కడ కూడా బౌలింగ్ మొదలైంది. ఆ రోజుల్లో పూనా తెల్లవారిలో మేటి బ్యాట్స్‌మన్, జంగ్లీ అని పేరుబడిన గ్రెగ్ రోజూ మిగతావారికంటే ముందే మైదానానికి వచ్చి గంటల తరబడి బాలూ చేత బంతులు వేయించుకునేవాడు. తనను ఔట్ చేసినప్పుడల్లా ఎనిమిది అణాలు ఇచ్చేవాడని ఒక కథ ప్రచారంలో ఉంది. ఎడమచేతి వాటం స్పిన్ బౌలర్‌గా బాలూ నైపుణ్యం పదునెక్కింది ఆ నెట్స్‌లోనే.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించాలి. పూనా క్లబ్బులో బాలూ కొన్ని వందల గంటలు బంతులు వేశారు. కానీ ఆయన చేతికి బ్యాట్ మాత్రం ఇవ్వలేదు. బ్యాటింగ్ దొరల విద్య, బౌలింగ్ శ్రమజీవి పని అన్నది ఆనాటి లెక్క. మన కులవ్యవస్థ నెత్తిన పెట్టుకున్న శ్రమ విభజన లాంటిదే ఇంగ్లండ్ వర్గ సమాజం నుంచి దిగుమతి అయి, మైదానంలో చక్కగా ఇమిడిపోయింది. ఒకరు ఆడటానికి మరొకరు చెమటోడ్చాలి. క్రీడ అవకాశం ఇచ్చిందని మురిసిపోయే ముందు, ఏ పనికి అవకాశం ఇచ్చిందో అడగాలని నాకు అనిపించేది అందుకే.

పూనాలోని హిందువుల జట్టు తెల్లవారి జట్టును ఓడించాలనుకున్నప్పుడు అసలు సమస్య మొదలైంది. ఊళ్లో అందరికంటే గొప్ప బౌలర్ అస్పృశ్యుడు. అతణ్ని జట్టులోకి తీసుకోవాలా వద్దా? హిందూ క్లబ్బు రెండుగా చీలింది. మరాఠీ బ్రాహ్మణ సభ్యులు వద్దన్నారు. తీసుకోవాలన్న పక్షాన నిలిచిన వారిలో ఆ క్లబ్బులోని కొందరు తెలుగు సభ్యులు ఉన్నారని చరిత్రకారుడు రామచంద్ర గుహ నమోదు చేశారు. ఈ వివరం మన తెలుగు పాఠకులకు అంతగా తెలియదు. దాన్ని పట్టుకుని మనం గర్వపడాల్సిన పని కూడా లేదు. గెలవాలన్న కోరిక కులాన్ని కొంత మేరకు పక్కకు జరపగలదని మాత్రం అది చెబుతుంది. బాలూ సేవలు వదులుకోవడం అవివేకమని గ్రెగ్ పత్రికాముఖంగా అన్న తరువాత హిందూ క్లబ్బు తలుపు తెరుచుకుంది.

ఆ తెరిచిన తలుపు వెడల్పు కొలిచి మరీ తెరిచినట్టుంది. మైదానంలో బాలూ తాకిన బంతినే జట్టంతా తాకింది. తేనీటి విరామంలో మాత్రం మిగతా ఆటగాళ్లు లోపల పింగాణీ కప్పుల్లో టీ తాగితే, బాలూకు పెవిలియన్ బయట, వాడి పారేసే మట్టి పాత్రలో పోసి ఇచ్చేవారు. ముఖం కడుక్కోవాలంటే అస్పృశ్య కులానికే చెందిన సేవకుడొకడు నీళ్లు పట్టుకుని మైదానం మూలకు వెళ్లి పోయాలి. భోజనానికి వేరే పళ్లెం, వేరే బల్ల. ఆయన చేతి నైపుణ్యం అందరికీ కావాలి, ఆ చేయి తాకిన పాత్ర మాత్రం అక్కర్లేదు.

ఆ గోడను పగులగొట్టింది బాలూ బౌలింగే. సతారాలో తెల్లవారి జట్టు తన పిచ్‌ను ముందుగా రోజుల తరబడి రోలర్‌తో తొక్కించి, ఆయన స్పిన్‌కు పట్టు దొరకకుండా చేయాలని చూసింది. అయినా బాలూ 7 వికెట్లు తీసి గెలిపించారు. తిరిగి వచ్చాక పూనాలో జరిగిన సన్మాన సభలో మహాదేవ గోవింద రానడే ఆయనను ప్రశంసించారు. బాలూతో కలిసి ఆడగలిగినవారు కలిసి భోంచేయడానికి ఎందుకు వెనుకాడాలని తోటి ఆటగాళ్లను మందలించారు. తరువాత మరో సభలో తిలక్ సైతం బాలూను కొనియాడారు. సంస్కరణ విషయంలో పరస్పరం విభేదించుకున్న ఇద్దరు బ్రాహ్మణ నాయకులు ఒక చమార్ యువకుడిని మెచ్చుకోక తప్పని స్థితి తెచ్చింది ఎవరి ఔదార్యమూ కాదు, స్కోరు బోర్డు.

1896 ప్రాంతంలో పూనాలో ప్లేగు వ్యాపించే వేళకు బాలూ బొంబాయి చేరారు. కొంతకాలం సైనిక దళంలో, తరువాత రైల్వేలో పనిచేశారు. అక్కడి హిందూ జింఖానాలోనూ ఆయన ప్రవేశానికి అభ్యంతరాలు లేచాయి, అక్కడా ఆయన ప్రతిభ వాటిని దాటింది. 1906 ఫిబ్రవరిలో బొంబాయి జింఖానా మైదానంలో హిందువులు యూరోపియన్లను ఎదుర్కొన్నారు. హిందువులు 242, 160 పరుగులు చేశారు. యూరోపియన్లు 191, 102 పరుగులకు కుప్పకూలారు. 109 పరుగుల ఆ విజయంలో బాలూ తీసినవి 8 వికెట్లు. శివరాం కూడా అదే జట్టులో ఉన్నారు. పాలకులను పాలితులు వారి ఆటలోనే ఓడించారని దేశం సంబరపడింది. సంస్కరణవాద పత్రికలు మరో కోణం చూశాయి. పూనా మైదానంలో బయట నిలబెట్టి టీ పోసిన మనిషి బొంబాయిలో జట్టుతో కలిసి భోంచేయగలిగారంటే, కులం కట్టుబాట్లు సడలుతున్నాయనడానికి అది గుర్తని రాశాయి.

1911లో తొలిసారి అఖిల భారత జట్టు ఇంగ్లండ్ వెళ్లింది. సారథి పటియాలా మహారాజు భూపీందర్ సింగ్. ఇరవై ఏళ్లయినా నిండని ఆ రాజుగారు విందులు, సత్కారాల్లో మునిగి కొద్ది మ్యాచ్‌ల తరువాత జట్టుకు దూరమయ్యారు. బరువంతా ముప్పై అయిదేళ్ల బాలూ భుజాన పడింది. ఆ భుజం అప్పటికే నొప్పితో బాధిస్తోంది. జట్టు ఆడిన 23 మ్యాచ్‌లలో 6 గెలిచి 15 ఓడింది. బాలూ మాత్రం మొత్తం 114 వికెట్లు తీశారు. వాటిలో 75 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలోవి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంపై ఒకే ఇన్నింగ్స్‌లో 8 వికెట్లు పడగొట్టారు. లీసెస్టర్‌షైర్‌పై విజయంలో రెండు ఇన్నింగ్స్‌లూ కలిపి 11 వికెట్లు ఆయనవే. సోమర్‌సెట్‌పై గెలిచిన మ్యాచ్‌లో శివరాం అజేయ శతకం చేశారు. కౌంటీ జట్లపై భారత్ సాధించిన ఈ రెండు విజయాల్లోనూ ఒక చమార్ కుటుంబం చేతి ముద్ర ఉంది.

బాలూ తిరిగి వచ్చినప్పుడు బొంబాయిలోని అణగారిన కులాలవారు ఆయనకు సన్మాన సభ జరిపారు. అక్కడ సమర్పించిన సన్మాన పత్రాన్ని రాసింది ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువుతున్న ఇరవై ఏళ్ల భీమ్‌రావ్ అంబేద్కర్ అని గుహ రాశారు. నాయకత్వ నిర్మాణం గురించి మాట్లాడేవారు ఆగి ఆలోచించాల్సిన ఘట్టం ఇది. అప్పటికి ఆ సమాజానికి శాసనసభలో ప్రతినిధి లేడు. దేశమంతా ఎరిగిన న్యాయవాది గానీ పండితుడు గానీ లేడు. దేశం గుర్తించిన తొలి ప్రముఖుల్లో ఒకరు ఒక బౌలర్. తన కులం వాడొకడు రాజులతో, దొరలతో సమానంగా నిలిచి గెలవగలడన్న నమ్మకం ఆ తరం యువకులకు మైదానం నుంచి వచ్చింది. ఆట తయారుచేసేది ఆటగాళ్లను మాత్రమే కాదు, గట్టు మీద నిలబడి చూసేవాళ్లను కూడా. క్రీడా కార్యక్రమాలకు నేను ఇచ్చే మొదటి విలువ ఇదే.

రెండో పాఠం చేదుది. 1910 తరువాత హిందూ జట్టులో అనుభవంలోనూ ఆట తెలివిలోనూ బాలూను మించినవారు లేరు. 1912లో ముస్లింల జట్టు చేరి బొంబాయి టోర్నమెంటు నాలుగు జట్లది అయింది. మరో తమ్ముడు గణపత్, ఆ తరువాత చిన్నవాడు విఠల్ కూడా జట్టులోకి వచ్చారు. ఏటేటా బాలూను కెప్టెన్ చేయాలన్న డిమాండు లేచేది, ఏటేటా ఆ పదవి పైకులాలవారికే పోయేది. 1913లో సారథిగా సన్మానం అందుకున్న ఎం.డి. పాయ్ ఆ సభలోనే, ఈ గౌరవం అసలు బాలూకు దక్కాల్సిందని చెప్పారు. బ్రాహ్మణుడైన పాయ్ ఒప్పుకున్న న్యాయాన్ని ఎంపిక చేసేవారు ఒప్పుకోలేదు.

ఎందుకు ఒప్పుకోలేదు? బౌలర్ వికెట్లు తీస్తాడు, కెప్టెన్ నిర్ణయాలు తీసుకుంటాడు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరి చేతికి బంతి ఇవ్వాలో కెప్టెన్ చెప్పినప్పుడు మిగతా పదిమంది వినాలి. అస్పృశ్యుడి శ్రమను వాడుకోవడం కులానికి కొత్త కాదు. అస్పృశ్యుడి ఆజ్ఞను పాటించడం మాత్రం దాని ఊహకు అందని విషయం. తాగే కప్పు విషయంలో సడలిన కట్టు, ఆజ్ఞ విషయంలో బిగుసుకుంది. నేటి కార్యాలయాల్లో, విశ్వవిద్యాలయాల్లో, పార్టీ కమిటీల్లో ఈ బిగువు ఎక్కడ మొదలవుతుందో ఎరిగినవారికి ఈ సంగతి వింతగా తోచదు.

1920లో వ్యవహారం తెగేదాకా వచ్చింది. ముస్లింల జట్టుతో మ్యాచ్‌కు బాలూను జట్టులోంచి తప్పించారు. కెప్టెన్ పాయ్ అనారోగ్యం పాలైతే, సీనియర్లయిన పల్వంకర్ సోదరులను దాటవేసి, వారికంటే అనుభవం తక్కువైన డి.బి. దేవధర్‌కు సారథ్యం ఇచ్చారు. శివరాం, విఠల్ తలవంచలేదు. తమ పట్ల జరిగింది కుల వివక్షేనని బహిరంగ ప్రకటన ఇచ్చి జట్టు నుంచి తప్పుకున్నారు. బొంబాయి నగరం వారి పక్షాన మాట్లాడింది. ఫైనల్ నాటికి ఎంపికదారులు దిగివచ్చారు. సోదరులు తిరిగి చేరారు, బాలూను వైస్ కెప్టెన్‌ను చేశారు. పార్సీలతో ఆ మ్యాచ్‌లో పాయ్ కావాలనే కొంతసేపు మైదానం విడిచి వెళ్లి జట్టును బాలూ చేతిలో పెట్టారు. నలభై నాలుగేళ్ల వయసులో, తన చివరి పెద్ద మ్యాచ్‌లో, బాలూకు దక్కిన సారథ్యం ఆ కాసేపే.

మూడేళ్ల తరువాత, 1923లో, విఠల్ హిందూ జట్టు కెప్టెన్ అయ్యారు. ఆ ఏడాది ఆయన సారథ్యంలో జట్టు యూరోపియన్లను ఓడించినప్పుడు అభిమానులు ఆయనను భుజాల మీద మోశారు. అస్పృశ్యతకు వ్యతిరేకంగా గాంధీ చేస్తున్న ప్రచారం ఈ మార్పుకు గాలి తోడిచ్చింది, నిజమే. కానీ 1920లో ఇద్దరు ఆటగాళ్లు ఆడబోమని చెప్పకపోయి ఉంటే, ఆ గాలి జింఖానా గోడలు దాటేదా అని నా సందేహం. బాలూ ఇరవై ఏళ్ల వికెట్లు సాధించలేని దాన్ని తమ్ముళ్ల నిరాకరణ సాధించింది. ప్రతిభ గౌరవాన్ని తెచ్చింది, అధికారాన్ని తెచ్చింది మాత్రం పోరాటం.

తెలుగువారికి సి.కె. నాయుడు సుపరిచితుడు. 1932లో భారత తొలి టెస్టు జట్టుకు ఆయన సారథి. 1916లో ఆయన అడుగుపెట్టింది కూడా ఈ హిందూ జట్టులోనే. ఆ పేరు మన పాఠాల్లో, మైదానాల గోడల మీద నిలిచింది. 33 ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌లలో 179 వికెట్లు తీసిన బాలూ పేరు దశాబ్దాల పాటు మరుగున పడింది. జ్ఞాపకానికి కూడా ఎంపికదారులు ఉంటారు.

బాలూ రాజకీయ జీవితం గురించి దళిత విద్యార్థుల్లో కొందరు ఇబ్బందిగా మాట్లాడటం నాకు తెలుసు. దాన్ని దాచడం అనవసరం. 1932లో అణగారిన వర్గాలకు ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించినప్పుడు, గాంధీ ఎరవాడ జైలులో నిరాహారదీక్షకు దిగినప్పుడు, బాలూ ఎం.సి. రాజాతో కలిసి ఉమ్మడి నియోజకవర్గాల పక్షాన నిలిచారు. సెప్టెంబర్ 24న కుదిరిన పూనా ఒడంబడికపై సంతకం చేసినవారిలో ఆయన ఒకరు. 1933లో హిందూ మహాసభ తరఫున బొంబాయి మునిసిపాలిటీకి పోటీచేసి ఓడారు. మతం మారతానన్న అంబేద్కర్ ప్రకటనను వ్యతిరేకించారు. 1937 బొంబాయి శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయనను నేరుగా అంబేద్కర్ మీద నిలబెట్టింది. అంబేద్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225 ఓట్లు వచ్చాయి. ఒకనాడు సన్మాన పత్రం రాసిన యువకుడు తన ఆరాధ్య ఆటగాడిని రెండువేల ఓట్ల తేడాతో ఓడించాల్సి వచ్చింది.

దీన్ని ద్రోహమని తేల్చేయడం తేలిక. కానీ అది బాలూకు న్యాయం చేయదు. కలిసి ఆడుతూ, ఒక్కో అడుగూ గెలుచుకుంటూ పోతే హిందూ సమాజం మారుతుందని ఆయన నమ్మారు. మట్టి పాత్ర నుంచి వైస్ కెప్టెన్సీ దాకా తన కళ్ల ముందు జరిగిన మార్పు ఆ నమ్మకానికి ఆధారం. ఆ మార్పు ఒక అసాధారణ బౌలర్‌కు దక్కిందే తప్ప, బంతి తిప్పడం రాని లక్షలాది మందికి దక్కదని అంబేద్కర్ గ్రహించారు. ఆయన ప్రతిభ చూపినవారికి మినహాయింపు అడగలేదు, మామూలు మనిషికి హక్కు అడిగారు. జింఖానాలో బాలూకు కెప్టెన్సీ నిరాకరించిన సమాజమే, అంబేద్కర్‌ను ఓడించాల్సిన అవసరం వచ్చేసరికి ఆయనను అభ్యర్థిగా ముందుకు తోసింది. తన ప్రజలు ఎన్నుకునే నాయకుడికీ, పైవారు ఎంపిక చేసే ప్రముఖుడికీ తేడా 1937 ఫలితంలో కనిపిస్తుంది. అయినా 1955 జులైలో బాలూ కన్నుమూసినప్పుడు అంత్యక్రియలకు క్రికెటర్లతో పాటు దళిత నాయకులూ తరలివచ్చారు. భేదించినా, ఆయన తమవాడేనని ఆ సమాజం మరువలేదు.

ఇక మన సంగతి. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ శిఖరం ఎక్కినప్పుడు తెలుగు నేల మీద ఎన్ని హాస్టల్ గదుల్లో ఆత్మవిశ్వాసం పుట్టిందో లెక్కకట్టలేం. 1911 నాటి సన్మాన సభలో జరిగింది అదే. కాబట్టి గురుకులాల్లో క్రీడలకు వెచ్చించే ప్రతి రూపాయినీ నేను సమర్థిస్తాను. అయితే పతకాల సంఖ్యతో లెక్క ముగించడాన్ని మాత్రం ఒప్పుకోలేను. జట్టు కెప్టెన్‌ను పిల్లలే ఎన్నుకుంటున్నారా, ఉపాధ్యాయుడు నియమిస్తున్నాడా? ఎంపిక సంఘాల్లో, క్రీడా సంఘాల కార్యవర్గాల్లో, శిక్షకుల నియామకాల్లో ఆ కులాల నుంచి వచ్చినవారు ఎందరు? శిక్షణ పొందే పిల్లలకు పరుగెత్తడంతో పాటు సభ నడపడం, ఖర్చుల లెక్క చూడటం, అన్యాయమైన ఎంపికను ప్రశ్నించడం నేర్పుతున్నామా? ప్రశ్నించిన పిల్లవాడిని క్రమశిక్షణ లేనివాడని పక్కన పెడుతున్నామా? ఆ చివరి ప్రశ్నకు అవునన్నది సమాధానమైతే, అక్కడ తయారవుతున్నది నాయకులు కాదు, నెట్స్‌లో బంతులు వేసేవాళ్లు.

బాలూకు పూనా క్లబ్బు బంతి ఇచ్చింది, బ్యాట్ ఇవ్వలేదు. హిందూ జింఖానా జట్టులో చోటు ఇచ్చింది, సారథ్యం ఇవ్వలేదు. కాంగ్రెస్ టికెట్ ఇచ్చింది, ఎవరి మీద పోటీచేయాలో మాత్రం తానే నిర్ణయించింది. ఇచ్చేవారు ఉన్నంత కాలం, ఎంత ఇవ్వాలో వారే తేలుస్తారు. మైదానంలోకి వచ్చే దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల పిల్లలకు ఆటతో పాటు శివరాం, విఠల్‌ల నిరాకరణను కూడా పాఠంగా చెప్పాలి. ఎంపిక చేసే బల్ల దగ్గర ఆ పిల్లలకు కుర్చీ ఉండేలా క్రీడా విధానాన్ని తిరగరాయాలని ప్రభుత్వాలను అడగడం విద్యార్థి సంఘాల పని. పతకాల ఊరేగింపుల్లో నడిచే ఉత్సాహంలో సగమైనా ఆ డిమాండు మీద చూపితే, బాలూ ఇరవై ఏళ్లు ఎదురుచూసినది ఈ తరానికి అంత ఆలస్యం కాకుండా అందుతుంది.